పీటా, నిచ్చెనా

పెద్ద డాక్టరు గోడ మీద బొమ్మ వేశాడు. మధ్యలో నిలువుగా ఒక గీత. దాని వెంట నల్లటి గడులు, ఒకదాని కింద ఒకటి. గడి గీతకి ఎడమ పక్కన ఉంటే మందు మేలు చేసినట్టు. కుడి పక్కన ఉంటే కీడు. గీత మీదే కూర్చుంటే మందు వేసుకున్నా ఒకటే, సుద్ద బిళ్ళ వేసుకున్నా ఒకటే.

అన్నిటికీ అడుగున ఉన్న పెద్ద గడి మొత్తం అందరిదీ. అది గీత మీదే ఉంది.

అంటే మందు ఓడిపోయింది. ఆ మాట అతని నోట రాలేదు. "మొత్తంగా చూసుకుంటే అనుకున్నంత తేడా కనిపించలేదు," అన్నాడు. ఊపిరితిత్తులు బిగుసుకుపోయే జబ్బుకి పెట్టిన ట్రయల్ అది. సగం మందికి అసలు మాత్ర ఇచ్చి, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో ఎవరికీ తెలియకుండా ఏళ్ళ తరబడి నడిపారు. చివర్లో గుట్టు విప్పి చూస్తే రెండు వైపులా ఒకేలా చచ్చారు.

తర్వాత అతను చేతిలోని ఎర్ర లైటుని పైకి జరిపాడు. ఒకే ఒక్క గడి గీతని వదిలి ఎడమకి వెళ్ళి ఉంది.

"అరవై దాటినవాళ్ళు," అన్నాడు. గొంతులో ఊపు వచ్చింది. "వీళ్ళని విడిగా తీసి చూస్తే మందు పని చేసింది. బాగా పని చేసింది."

ఆ హాల్లో కూర్చున్నవాళ్ళమంతా ట్రయల్లో ఉన్నవాళ్ళమో, పోయినవాళ్ళ తాలూకు మనుషులమో. నా పక్క కుర్చీలో మా మరదలు. ఆమె కాళ్ళ దగ్గర చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండరు. ముక్కులో గొట్టం. అరవై అనే మాట వినగానే ఆమె వీపు నిటారుగా అయింది.

నేను లేచి నిలబడ్డాను. "మా ఆవిడ ఏ గడిలో ఉంది?"

డాక్టరు పక్కనున్న కంప్యూటర్ నొక్కి చూశాడు. "ఆమెకి అసలు మాత్రే వచ్చింది. చేరేనాటికి వయసు యాభై ఎనిమిది. అరవై లోపు గడి." కాస్త ఆగి మెత్తగా అన్నాడు. "ఆ వయసువాళ్ళకి మందు పని చెయ్యలేదండీ. ఇంకో రెండేళ్ళు పెద్దదై ఉంటే బహుశా..."



మా మరదలు నా మణికట్టు పట్టుకుంది. చల్లటి వేళ్ళు. గోళ్ళు దిగేలా పట్టుకుంది. నేను కూర్చున్నాను.

మా ఆవిడ యాభై ఎనిమిదేళ్ళది కాదు. అరవై ఒకటి.

ఎలాగంటే, వాళ్ళ నాన్న ఇద్దరు కూతుళ్ళనీ ఒకే రోజు బడిలో వేశాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు, కానీ పిల్లల పుట్టినరోజులు నోటికి వచ్చు. రెండు తేదీలు చెప్పాడు. పంతులు తలెత్తి చూశాడు. పెద్దది చిన్నప్పుడు జబ్బు చేసి ఎదగలేదు, మా పెళ్ళినాటికి కూడా నా మోచేతి దాకా వచ్చేది. చిన్నది ఏపుగా పెరిగింది. పంతులు పాత తేదీని పొడుగు పిల్లకి రాశాడు, కొత్త తేదీని పొట్టి పిల్లకి రాశాడు. నాన్న వేలిముద్ర వేసి పొలానికి పోయాడు. ఆ రోజు నుంచి కాగితం మీద మా ఆవిడ తన చెల్లెలికి చెల్లెలు.

తర్వాత మార్పించుకోలేదు. మార్పించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి, తిరిగే తీరిక ఎవరికి ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ నూలు మిల్లులో చేరారు. మిల్లులో ఇద్దరికీ పేర్లు పెట్టారు. మా ఆవిడ పీట. మా మరదలు నిచ్చెన. మిల్లంతా నవ్వుకుంది. కాగితం ప్రకారం నిచ్చెన ముందు రిటైరై ఇంట్లో కూర్చుంది. పీట ఇంకో మూడేళ్ళు దూది దుమ్ము పీల్చింది. ఆ మూడేళ్ళూ చెల్లెలివి. పీల్చింది అక్క.

ఇద్దరికీ ఒకే జబ్బు వచ్చింది. ట్రయల్లో మా మరదలు ముందు చేరి అక్కని లాక్కెళ్ళింది. ఇద్దరికీ అసలు మాత్రే వచ్చింది. అక్క పోయింది. చెల్లెలు నా పక్కన కూర్చుని నా మణికట్టుకి గోళ్ళు దించుతోంది.

మీటింగ్ అయ్యాక వరండాలో డాక్టరు మా దగ్గరికి వచ్చాడు. నెరిసిన జుట్టు, నలగని చొక్కా. ఈ మందు మీదే ముసలివాడయ్యాడని నర్సులు చెప్పేవారు. అయితే నాకేం.

"వచ్చే వారం కమిటీ కూర్చుంటుంది," అన్నాడు. "అరవై దాటినవాళ్ళకి మందు కొనసాగించాలా, అందరికీ ఆపేయాలా అన్నది వాళ్ళ చేతిలో ఉంది. అప్పటిదాకా మాత్రలు ఇస్తూనే ఉంటాం. మీ ఇద్దరూ వచ్చి మాట్లాడితే బాగుంటుంది. అంకెలు ఎన్ని చూపించినా మనిషి చెప్పినట్టు ఉండదు. ఒకే తల్లి పిల్లలు, ఒకే మిల్లు, ఒకే జబ్బు, ఒకే మాత్ర. అరవై దాటిన అక్క నిలబడింది. దాటని చెల్లెలు..." నా మొహం చూసి ఆగాడు. మా మరదలి వైపు తిరిగాడు. "మీరు అక్కగారే కదమ్మా?"

"అవును," అంది మా మరదలు.

"మీ వదినగారిని జాగ్రత్తగా తీసుకురండి," అన్నాడు నాతో.

నలభై ఏళ్ళుగా నన్ను ఏడిపించిన మరదలు ఒక్క పూటలో నాకు వదిన అయి కూర్చుంది.

*

మాది ఒకే మేడ. ఆమె కింద, నేను పైన. ఆమెకి ఏదైనా కావాలంటే చీపురు కర్రతో పైకప్పు మీద పొడుస్తుంది. అది నాకు నేల. రెండు పోట్లంటే సిలిండరు మార్చాలి. ఒకటంటే ఊరికే రమ్మని. మా ఆవిడ ఉన్నప్పుడు ఆమె దిగేది. ఇప్పుడు నేను దిగుతున్నాను.

ఆ సాయంత్రం ఒకటే పోటు వినిపించింది.

మంచం మీద కాళ్ళు కిందకి వేసుకుని కూర్చుని ఉంది. మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"తలుపు వెయ్యి బావా."

వేశాను.

"ఏం ఆలోచిస్తున్నావ్?"

"నేనేం ఆలోచిస్తే నీకెందుకు?"

"నీ మొహం నాకు తెలీదా? డిపోలో రిపేరుకి బస్సు కింద దూరేముందు అలాగే పెట్టేవాడివట. అక్క చెప్పేది." ఊపిరి తీసుకుంది. "నోరు విప్పకు."

స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నేను అరవై దాటినదాన్ని. కాగితం చెప్తోంది. డాక్టరు చెప్తున్నాడు. నువ్వొక్కడివి కాదంటే మాత్రలు ఆగిపోతాయి. నాకొక్కదానికే కాదు, అందరికీ ఆగిపోతాయి."

"డాక్టరు ఏమన్నాడో విన్నావా? ఇంకో రెండేళ్ళు పెద్దదై ఉంటే బతికేదట. పెద్దదే కదా. బతకలేదే."

"విన్నాను."

"నీకు నిజానికి యాభై ఎనిమిదికి మొదలెట్టారు ఆ మాత్ర. వాళ్ళ లెక్క ప్రకారం అది నీకు పని చెయ్యకూడదు."

"చేస్తోంది కదా."

"ఎలా చేస్తుంది? దానికి నీ అసలు వయసు తెలీదా?"

"మాత్రకి కాగితం చదవడం రాదు బావా," అంది. నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గేదాకా డబ్బాని రెండు చేతులతో పట్టుకుంది. "ఎందుకు చేస్తోందో నాకు అక్కర్లేదు. పొద్దున లేచి పళ్ళు తోముకోగలుగుతున్నాను. మానేసి చూడమంటావా? నువ్వు చూస్తావా?"

"మీ అక్క కూడా పళ్ళు తోముకునేది. పోయే ముందు వారం దాకా."

"అక్క పోయింది. ఆమెని ఏ గడిలో పెడితే మాత్రం లేచి వస్తుందా?"

నా దగ్గర జవాబు లేదనుకుంది. ఉంది. మా ఆవిడ లేచి రాదు, నిజమే. కానీ పోయినదాన్ని పోయిన చోట ఉంచాలి. ఆమె చావుని తీసి పక్క గడిలో పడేసి, ఆ గడి ముందు నిలబడి మందు గెలిచిందంటున్నారు. పైగా చిన్నదైపోవడం ఆమె దురదృష్టమంటున్నారు. ఇవన్నీ దానితో అనలేదు.

"నోరు విప్పనని మాట ఇవ్వు," అంది.

ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. పైకి వచ్చేశాను.

*

ఆసుపత్రిలో ట్రయల్ లెక్కలు చూసే ఒకావిడ ఉంది. అందరూ లెక్కల మేడం అంటారు. రెండో అంతస్తు చివర ఇరుకు గది. రెండు కంప్యూటర్లు, టిఫిన్ డబ్బా, ఆగి ఆగి తిరిగే ఫ్యాను. చెప్పులు విప్పేసి కాళ్ళు కుర్చీ కమ్మీ మీద పెట్టుకుని పని చేస్తోంది. మా ఆవిడ చనిపోయినప్పుడు కాగితాల మీద సంతకానికి వచ్చింది ఈవిడే. నన్ను గుర్తు పట్టింది.

"కూర్చోండి బాబాయ్ గారూ."

నేను ఎవరికీ బాబాయిని కాను. కూర్చున్నాను.

"ఒకరి వయసు తప్పు పడిందనుకోండి," అన్నాను. "అప్పుడు ఆ అరవై గడి ఏమవుతుంది?"

ఆవిడ కమ్మీ మీది కాళ్ళు దించింది. "ఎవరిది?"

"ఎవరిదో ఒకరిది."

"ఆ గడిలో ఉన్నవాళ్ళు తక్కువమంది. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ మారితే చాలు, గీత మీదకి వచ్చేస్తుంది." నన్నే చూస్తోంది. "ఆ మనిషి ఉన్నారా, పోయారా?"

నేను టిఫిన్ డబ్బా వైపు చూశాను.

"పోయినవాళ్ళే అయ్యుంటారు," అంది. "బతికి ఉంటే మీరు ఈ మెట్లు ఎక్కి వచ్చేవాళ్ళు కాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చేసింది వాళ్ళు, నిలదీస్తోంది నన్ను.

"తప్పు తప్పే కదా," అన్నాను.

"తప్పే. కానీ ఎవరు పోయారో, ఎవరు ఏ మాత్ర వేసుకున్నారో తెలిశాక, మనకి కావలసిన మనిషినే వెతికి వయసు దిద్దితే అది దిద్దుడు కాదు. ఇంకో రకం కోత. ఇక్కడ అయిందీ అదే." గొంతు తగ్గించింది. "మొదట్లో రాసుకున్న ప్లానులో వయసు గీత అరవై ఐదు దగ్గర ఉంది. అక్కడ ఏమీ రాలేదు. అరవైకి జరిపారు. వచ్చింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పొగ తాగేవాళ్ళు, తాగనివాళ్ళు, లావువాళ్ళు, సన్నవాళ్ళు, అన్ని రకాలుగా కోశాం. అన్ని కోతలు కోస్తే ఏదో ఒక ముక్క దానంతటదే బాగుంటుంది. ఒక రోజు విసుగొచ్చి ఇంటి నంబర్ల మీద కోసి చూశాను. బేసి నంబరు ఇళ్ళవాళ్ళకి మందు బ్రహ్మాండంగా పని చేసింది. అరవై దాటినవాళ్ళకంటే బాగా."

"మాది సరి నంబరు," అన్నాను.

ఆవిడ నవ్వింది. "చూశారా? నేను నవ్వులాటకి చెప్పాను. మీరు అప్పుడే మీ ఇల్లు ఏ గుంపులో ఉందో చూసుకున్నారు."

నాకు నవ్వు రాలేదు.

"మరి ఇదంతా ఆయనతో చెప్పలేదా?"

"చెప్పాను. రాసి కూడా ఇచ్చాను. ఇది అంచనాకే, నమ్మడానికి కాదని కింద చిన్న అక్షరాలతో వేస్తామన్నారు." టిఫిన్ డబ్బా మూత బిగించింది. "మీ దగ్గర ఏదైనా ఉంటే కమిటీ ముందు చెప్పండి. నా చెవిలో కాదు. చెప్తే మొత్తం చెప్పండి. మీకు పనికొచ్చే సగం చెప్పి, మిగతా సగం దాచుకుంటే మీకూ ఆయనకీ తేడా లేదు."

మెట్లు దిగుతూ ఆ మాటే నమిలాను. నేను చెప్పాలనుకున్నది సగమే. మా ఆవిడ వయసు సంగతి ఒక్కటే. ఆమెని అరవై దాటిన గడిలో పెట్టించి డాక్టరు గాలి తీయాలని. చెల్లెలి సంగతి ఎత్తకుండా. దాని మాత్రల జోలికి నేను పోలేదని రేపు అనుకోవడానికి.

*

కమిటీ రోజు దగ్గర పడేకొద్దీ కింద నుంచి గొణుగుడు వినిపించసాగింది. మొదట ఫోనులో మాట్లాడుతోందనుకున్నాను. తర్వాత ఒక పోటు.

"కుర్చీలో కూర్చో," అంది వెళ్ళగానే. "నువ్వు కమిటీవి. నన్ను అడుగు."

"ఏం అడగను?"

"వాళ్ళు అడిగేవి. ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అని అడుగు."

అడిగాను.

"మా అ..." నాలుక కరుచుకుంది. "మా చెల్లెలికి వచ్చింది. ఇదే మందు వేసుకుంది. తనకి అరవై రాలేదు. పోయింది." నా వైపు చూసింది. "ఎలా ఉంది?"

"చెల్లెలు అనేటప్పుడు నేల చూపులు చూస్తున్నావు."

"మళ్ళీ అడుగు."

మళ్ళీ అడిగాను. ఈసారి నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. మా చెల్లెలు. మా చెల్లెలికి నేనే అన్నం పెట్టేదాన్ని. మా చెల్లెలు మిల్లులో నా పక్క మర మీదే పని చేసేది. ఒక్కోసారి మధ్యలో ఊపిరి అందక ఆగి, సిలిండరు తిప్పుకుని, ఆగిన చోట నుంచి మొదలుపెట్టింది. అన్నం పెట్టింది ఎవరు ఎవరికో నాకు తెలుసు. తల దువ్వి జడ వేసింది ఎవరో తెలుసు. పొట్టిది పీట ఎక్కి నిలబడి పొడుగుదానికి జడ వేసేది, మిల్లులో ఆ పేరు అందుకే వచ్చింది.

నా పెళ్ళాన్ని నా ఎదురుగానే చెల్లెల్ని చేస్తోంది. నేను కుర్చీలో కూర్చుని తప్పులు దిద్దుతున్నాను.

"ఇంకెప్పుడైనా అక్క అన్నానా?" అంది చివర్లో.

"లేదు."

"నలభై సార్లు అన్నాను చెల్లెలని. నోరు తిరిగింది." దిండుకి ఆనుకుంది. "బావా, నువ్వు నాతో రా. మాట్లాడొద్దు. పక్కన కూర్చో చాలు. నేను ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్ళలేను."

*

కమిటీ గదిలో పొడుగాటి బల్ల. బల్లకి అటు పక్క నలుగురు. మధ్యలో రిటైరైన జడ్జి ఒకాయన, చెవిలో మిషను పెట్టుకున్నాడు, మాట్లాడేవాళ్ళ పెదాలనే చూస్తున్నాడు. ఇటు పక్క పెద్ద డాక్టరు. మూలగా లెక్కల మేడం, ఈసారి చెప్పులు వేసుకునే ఉంది. గోడ మీద అదే బొమ్మ. ఆ ఒక్క గడి ఎడమకి జరిగి అలాగే ఉంది.

డాక్టరు బాగా చెప్పాడు. చివరికి మా మరదల్ని చూపించాడు. "అంకెలు పక్కన పెట్టండి. ఈవిడ్ని చూడండి."

జడ్జి కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "చెప్పమ్మా. తొందరేం లేదు."

ఆమె చెప్పింది. ఇంట్లో చెప్పినట్టే. ఎక్కడా తడబడలేదు. నాకు అరవై ఒకటికి మొదలుపెట్టారు. మెట్లు ఎక్కలేకపోయేదాన్ని, ఇప్పుడు మెల్లిగా ఎక్కుతున్నాను. మా చెల్లెలు కూడా ఇదే వేసుకుంది. మా చెల్లెలికి అరవై రాలేదు.  

"మీ చెల్లెలు ఆసుపత్రిలో పోయిందా, ఇంట్లోనా?" అన్నాడు జడ్జి.

ఇంట్లో ఈ ప్రశ్న మేము వేసుకోలేదు.

"ఇంట్లోనే."

"నువ్వు దగ్గర ఉన్నావా?"

"ఉన్నాను." ఊపిరి తీసుకుంది. "బావ సిలిండరు తేవడానికి వెళ్ళాడు. గదిలో నేనే ఉన్నాను. పడుకోనంది. కూర్చోబెట్టి వెనకాల నేను కూర్చున్నాను, నా మీదకి ఆనించుకున్నాను. నీళ్ళంది. చెంచాతో పోశాను. మింగలేదు. చెయ్యి ఇలా పైకెత్తి నా జుట్టు పట్టుకుంది, చిన్నప్పుడు జడ వేసేటప్పుడు పట్టుకున్నట్టే. కదలకే అంది. నేను కదల్లేదు. అక్కా, అక్కా అని పిలుస్తూనే ఉన్నాను. పలకలేదు."



నాకు ఇది ఎప్పుడూ చెప్పలేదు ఆమె. నేను సిలిండరుతో వచ్చేసరికి మా ఆవిణ్ణి పడుకోబెట్టి దుప్పటి సర్దుతోంది. ఎలా పోయిందని అడిగితే నిద్రలో అంది.

జడ్జి ముందుకు వంగాడు. "అక్కా అని పిలిచావా?"

ఆమె ఆ రోజు మాత్రల డబ్బా పట్టుకున్నట్టు సిలిండరు మెడ పట్టుకుంది.

"ముద్దుకి అలా పిలుచుకుంటారండీ," అన్నాడు డాక్టరు. నిజంగానే అలా అనుకున్నాడేమో. "చిన్నవాళ్ళని కూడా అమ్మా, అక్కా అంటాం కదా ఇళ్ళల్లో."

"అంటాం," అన్నాడు జడ్జి. నా వైపు చూశాడు. నా పెదాల వైపు. "మీరు ఆ చనిపోయినావిడ భర్త కదా. ముద్దుకేనా?"

దారి ఇచ్చారు. డాక్టరు తెరిచాడు, జడ్జి చూపించాడు. అవునంటే చాలు. మా మరదలు నా వైపు తిరగలేదు. గోడ మీది గడినే చూస్తోంది. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది, గొట్టంలో సన్నగా, ఆగి ఆగి.

మూలన లెక్కల మేడం తల వంచుకుని ఉంది.

"ముద్దుకి కాదు," అన్నాను. "మా ఆవిడే పెద్దది."

"రికార్డులో..."

"రికార్డు తప్పు. బడిలో తేదీలు తారుమారయ్యాయి. ఇద్దరివీ. మా ఆవిడకి అరవై ఒకటి. ఈమెకి యాభై ఎనిమిది. పోయింది అరవై దాటిన మనిషి. బతికి ఉన్నది దాటని మనిషి."

మొత్తం చెప్పాను. సగం దాచలేదు.

"బావా," అంది మా మరదలు. అంతే అంది.

డాక్టరు నీళ్ళు నమిలాడు. ఒక్క ఇంటి పొరపాటుతో మొత్తం పని కొట్టేయకూడదన్నాడు. అది న్యాయమే, ఇద్దరి మాట పట్టుకుని గడి మార్చలేమన్నాడు జడ్జి. ఆ మాట వినగానే డాక్టరు మొహం వెలిగింది. అందుకని అందరి వయసులూ సరిచూడాలన్నాడు జడ్జి. సరిచూసేవాళ్ళకి ఎవరు ఏ మాత్ర వేసుకున్నారో, ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో తెలియకూడదన్నాడు. పోయినవాళ్ళ ఇళ్ళకీ, ఉన్నవాళ్ళ ఇళ్ళకీ అవే ప్రశ్నలు, అదే వరసలో. అది తేలేదాకా మాత్రలు ఎవరికీ లేవు.

బయటికి వస్తుంటే లెక్కల మేడం తలుపు పట్టుకుంది, సిలిండరు బండి గడప దాటడానికి.  

*

మనుషుల్ని పంపారు. ఒక పిల్ల మా ఇంటికి కూడా వచ్చింది, చేతిలో పలక లాంటి ఫోను. మీ ఇంట్లో ఎవరు ఎవరికంటే పెద్ద, ఎలా తెలుసు అని అడిగింది. మా ఇంట్లో ఎవరు పోయారో ఆ పిల్లకి వాళ్ళు చెప్పి పంపలేదు, నన్నూ చెప్పొద్దంది. చెప్పలేదు.

బడిపంతుళ్ళు ఎత్తు చూసి, పళ్ళు చూసి, తోచింది చూసి వేసిన వయసులు చాలా బయటపడ్డాయట. కొందరు పెద్దవాళ్ళయ్యారు, కొందరు చిన్నవాళ్ళయ్యారు. అన్నీ సర్దాక అరవై గడి ఎడమ నుంచి మెల్లగా జరుగుతూ వచ్చి గీత మీద కూర్చుంది. మిగతా గడుల పక్కనే. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టలేదు.

పెద్ద డాక్టరు ఇప్పుడు మిల్లు పనివాళ్ళని విడిగా తీసి చూస్తున్నాడని విన్నాను. అక్కడ ఏదో కనిపిస్తోందట.

మా మరదలు బతికే ఉంది. మాత్ర ఆగాక గబుక్కున ఏమీ పడిపోలేదు. మాత్ర ఉన్నప్పుడు ఎంత మెల్లిగా దిగజారేదో ఇప్పుడూ అంతే మెల్లిగా దిగజారుతోంది. ఈ మాట లెక్కల మేడంతో చెప్తే, ఒక్క మనిషిని చూసి ఏమీ అనకండి అంటుంది. అందుకే చెప్పలేదు. మా మరదలు మాత్రం నేనే ఆమె ఊపిరి కోశానని అనుకుంటోంది. అనుకోనీ. నేను ఆమెని క్షమించానా, ఆమె నన్ను క్షమించాలా.

కింద నుంచి చీపురు కర్ర పొడుస్తుంది. ఒక పోటు ఎప్పుడూ రాదు. రెండే. నేను దిగి సిలిండరు మారుస్తాను. మీటర్ ముల్లు చూసి, గొట్టం బిగించి, ఖాళీది తలుపు పక్కన పెడతాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంటుంది. బావా అని పిలవడం మానేసింది.

నిన్న మాత్రం మాట్లాడింది. బీరువా పైన ఉన్న దువ్వెన కావాలంది. పైకి లేచి అందుకునే ఓపిక ఆ పొడుగు మనిషికి ఇప్పుడు లేదు.

"ఆ చెక్క దువ్వెన," అంది గోడతోనే. "మీ ఆవిడది."

అక్కది అనలేదు. ఆ రోజు తర్వాత ఆ మాట మళ్ళీ ఆమె నోట నేను వినలేదు.

దువ్వెన తీసి ఆమె చేతిలో పెట్టాను.